గుంటకి నీళ్లు

ఆ చెట్టుకు తెలుగులో పేరు లేదని చాలాకాలం అనుకున్నాను. అయినా ఎందుకుంటుంది? పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని వానల అడవి. పెరిగేది స్టుట్‌గార్ట్ పక్కన మేముండే చిన్న ఊళ్లో, యూనివర్సిటీ తోటలోని గాజు ఇంట్లో. కాండానికి వేలాడదీసిన రేకుబిళ్ల మీద నోరు తిరగని లాటిన్ పేరొకటి, దాని కింద జర్మన్‌లో లోర్‌బేర్ కుటుంబమని ఉంటుంది. లోర్‌బేర్ అంటే ఇక్కడి సూపర్‌మార్కెట్లో బిర్యానీ ఆకు పొట్లం మీద రాసుండే మాట. మా తెలంగాణలో దాన్ని బగారా ఆకంటాం. ఆ ఒక్క మాట చూసే నేను మొదటిసారి ఆ చెట్టు దగ్గర ఆగాను.

ఆకులు నూనె రాసి తుడిచినట్టు నిగనిగలాడతాయి. బగారా ఆకుకు ఉన్నట్టే అడుగు నుంచి మూడు ఈనెలు బయల్దేరతాయి. కింద పడిన ఆకొకటి తీసి నలిపి వాసన చూశాను. మసాలా లేదు, పాడూ లేదు, ఉత్త పచ్చి ఆకు వాసన. చుట్టరికం చెప్పుకుని చేతులూపుకుంటూ వచ్చే బంధువులా ఉందనుకున్నాను. కాయలు మాత్రం చూసినవాళ్లను కదలనివ్వవు. కుంకుడుకాయంత ఉంటాయి, ఎర్రగా, మెరుస్తూ, ఆకుల మధ్య గుత్తులుగా. చెట్టు పెద్దదేమీ కాదు. పెద్ద చెట్ల నీడలో నెమ్మదిగా ఎదిగే రకమని తోటమాలి చెప్పాడు.

దానికి తెలుగు పేరుందని నాకు తెలిసింది ఒక పెద్దావిడ వల్ల. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. నేను ఇప్పటికీ ఆదివారాలు అక్కడికి వెళ్తూనే ఉన్నాను.

నవంబరు వచ్చిందంటే ఈ దేశంలో ఆదివారం గడవడం కష్టం. కొట్లు తెరవరు, ఎండ రాదు, పక్కింటివాళ్లు పలకరించరు. మా ఆయన వారం నిద్రంతా ఆ ఒక్కరోజే తీర్చుకుంటాడు. గాజు ఇల్లు మాత్రం వెచ్చగా, తడితడిగా, వాన వెలిసిన మధ్యాహ్నం కరీంనగర్‌లా ఉంటుంది. తలుపు తీయగానే కళ్లజోడు మసకబారుతుంది. కోటు విప్పి చేతిమీద వేసుకుని, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుకుంటూ తిరగడం నాకు అలవాటైపోయింది. ఆ రోజూ అదే పని.

“గంత చింతపండు ఎవరన్న పోస్తరానే? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?” అని అరుస్తున్నాను. నా గొంతు కొంచెం పెద్దదే.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ. తలకు ఉన్ని టోపీ, ఒళ్లో దుప్పటి. మన మనిషని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“మనోలేనేటమ్మా నువ్వు?” అంది.

నేను ఫోన్ పెట్టేశాను. కుర్చీ వెనక ఒక పొడుగాటి జర్మన్ పెద్దాయన నిలబడి ఉన్నాడు. నా వైపు ఆయన చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అడవిలో దారి తప్పినవాడికి మనిషి కనిపించినట్టు చూశాడు.

“ఆమె మాట్లాడేది మీకు అర్థమవుతుందా?” అని అడిగాడు.

“అది నా భాషే” అన్నాను.

ఆయన పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు.

ఇద్దరూ భార్యాభర్తలు. ఆవిడ ఉత్తరాంధ్ర పల్లెలో పుట్టి, డాక్టరు చదివి, పెళ్లికాకముందే ఒంటరిగా ఈ దేశం వచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైంది. ఆయన స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. కాపురమంతా జర్మన్‌లోనే నడిచింది. మతిమరుపు జబ్బు పట్టుకున్నాక ఆవిడకు ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత వాక్యాలు, చివరికి జర్మన్ మొత్తం పోయింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని అమ్మ నేర్పిందొక్కటే మిగిలింది. అది డాక్టరమ్మ మాటలా కూడా లేదు. ఊళ్లో ఆడుకునే చిన్నపిల్ల మాటలా ఉంది.

“నా భార్య రోజంతా నాతో మాట్లాడుతుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆకలేస్తోందో, ఎక్కడైనా నొప్పిగా ఉందో, నన్ను తిడుతోందో కూడా తెలియదు” అన్నాడాయన.

“ఇన్నేళ్లలో మీరు నేర్చుకోలేదా?” అని అడిగేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

“నేర్పమని ఒకసారి అడిగాను. ఈ ఊళ్లో ఎవరితో మాట్లాడతావని నవ్వింది. అప్పుడు నిజంగానే ఎవరూ లేరు.”

ఇప్పుడైతే మా ఊరి బస్సులో చెవులు రిక్కిస్తే రోజూ ఏదో ఒక మూల తెలుగు వినిపిస్తుంది. ఆవిడ వచ్చిన రోజుల్లో ఎవరున్నారు? ఆ మాట నాకు ముల్లులా తగిలి, అలా అడిగినందుకు సిగ్గుపడ్డాను.

ఆయన నన్ను కోరింది ఒక్కటే. ఆవిడ ఇప్పుడు ప్లేగెహైమ్‌లో, అంటే పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఆశ్రమంలో ఉంటోంది. ఆదివారం ఆదివారం ఆయన ఇక్కడికి తీసుకొస్తాడు. ఈ చెట్టు కనబడగానే ఆవిడ ముఖం విప్పారుతుంది. కాసేపటికి ఏదో అడగడం మొదలుపెడుతుంది. జవాబు రాకపోయేసరికి ఏడుస్తుంది. వెళ్దామంటే చక్రం పట్టుకుని కదలనివ్వదు. తిరిగి వెళ్లాక కూడా కుదుటపడదు. అందుకని అక్కడి నర్సులు తీసుకెళ్లడం మానేయమంటున్నారు.

“ఈ చోటు ఆమెకు సుఖంగా ఉందా, బాధగా ఉందా? నాకు అది తెలిస్తే చాలు” అన్నాడు. “బాధైతే మానేస్తాను. సుఖమైతే ఎవరు వద్దన్నా తీసుకొస్తాను. ఏం అడుగుతోందో చెప్పండి.”

నేను కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాను. “ఏమైందమ్మా? ఏం గావాలె?”

ఆవిడ చెట్టు వైపు వేలు చూపించింది. “గుంటకి నీలిచ్చినారా?” అంది. “ఎవులూ ఇవ్వనేదు. గుంట ఎండిపోతంది.”

నాకు వెంటనే అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. నీళ్లను నీలంటోంది, ఎవరూ అనడానికి ఎవులూ అంటోంది, అంతే కదా తేడా. గుంట అంటే గొయ్యి. మా వైపు పొలాన్ని కూడా గుంటల్లో కొలుస్తారు. చెట్టు చుట్టూ నీళ్లు నిలవడానికి తవ్విన గుంట కళ్లెదుటే ఉంది. పల్లెలో పుట్టిన మనిషి, మన్ను పొడిగా కనబడితే నీళ్లు పెట్టమంటోంది. ఇందులో తెలియకపోవడానికేముంది?

“గుంటా!” అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి. “ఆ మాట నాకు తెలుసు. అది ఈ చెట్టు పేరు. మా పెళ్లికి ముందు నుంచీ ఆమె దీన్ని అలాగే పిలిచేది.”

జర్మన్లలో గుంటా అనేది పాతకాలపు ఆడవాళ్ల పేరట. ఆయన మేనత్త పేరూ అదేనట. తన భార్య చెట్టుకు జర్మన్ పేరు పెట్టుకుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. వచ్చినప్పుడల్లా టోపీ తీసి, ‘ఏం గుంటా, బాగున్నావా’ అని చెట్టును పలకరించేవాడట.

నాకు నవ్వొచ్చింది. “అది పేరు కాదండీ, మా తెలుగు మాట. గొయ్యి అని అర్థం” అన్నాను. గొయ్యికి జర్మన్‌లో నాకు తట్టిన మాట ‘గ్రూబే’. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారన్న మన సామెత వాళ్లకూ ఉంది. అందులో గోతికి వాడే మాట అదే. భాష క్లాసులో బట్టీ పట్టిన ముక్క ఇన్నాళ్లకు పనికొచ్చిందని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆయన తల తిప్పి చెట్టు మొదలు వైపు చూశాడు. నేను నా ఉత్సాహంలో ఉండి తోటమాలిని పిలిచి అడిగాను. పొద్దున్నే నీళ్లు పెట్టానని అతను మన్ను కెలికి తడి చూపించాడు. నేను ఆవిడ వైపు తిరిగి, “పొద్దుగాలనే పోసిండ్రమ్మా, మీరు రంది పెట్టుకోకుండ్రి” అని చెప్పాను. ఆవిడ నా మాట వినిపించుకోలేదు. భర్త వైపే చూస్తూ మళ్లీ అదే అడిగింది, గుంటకి నీలిచ్చినారా అని. అడిగి అడిగి ఏడవడం మొదలుపెట్టింది.

వెళ్లే వేళకు చక్రం గట్టిగా పట్టుకుంది. “నానెల్లను. గుంట కాడే ఉంటాను” అంది.

“ఇప్పుడేమంటోంది?” అని అడిగాడాయన.

“రారట. గొయ్యి దగ్గరే ఉండిపోతారట” అని, మళ్లీ ఆ జర్మన్ మాటే వాడి చెప్పాను.

ఆయన ఆవిడ వేళ్లను ఒక్కొక్కటిగా చక్రం మీంచి విడదీసి, తన చేతిలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత నాకు కృతజ్ఞతలు చెప్పి, ఫోన్ నంబరిచ్చి, కుర్చీ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం వాళ్లు రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. ఆవిడ ఒంట్లో ఎలా ఉందోనని ఫోన్ చేశాను.

“మీరు నాకు మేలు చేశారు” అన్నాడాయన. గొంతు నెమ్మదిగా ఉంది. “మా పాత భాషలో గ్రూబేలోకి వెళ్లడమంటే చనిపోవడమని అర్థం. నా భార్య ఇన్నేళ్లుగా ఆ చోటును సమాధి అని పిలుస్తోంది. నేనేమో టోపీ తీసి దాన్ని పలకరిస్తున్నాను. ఇక ఆమెను అక్కడికి తీసుకెళ్లను.”

అలా కాదని చెప్పాలనిపించింది. కానీ చెప్పడానికి నా దగ్గర ఇంకో అర్థం లేదు. గుంట అంటే గొయ్యే కదా? ఫోన్ పెట్టేశాక ఆ పూట అన్నం సహించలేదు. చావు కోరుకుంటూ ఆ చెట్టు కింద కూర్చునే మనిషి ముఖం, చెట్టును చూడగానే అలా ఎందుకు వెలిగిందో నాకు అంతుపట్టలేదు.

క్రిస్మస్ సెలవులయ్యాక మా ఆఫీసులో శ్రీకాకుళం అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. నాలుగేళ్ల కూతురుంది. ఒకరోజు పొద్దున్నే కాఫీ మిషను దగ్గరకు రొప్పుతూ వచ్చింది.

“మా గుంట కీటాకి ఎల్లనని ఒకటే ఏడుపండి. దాన్ని బతిమాలి దించేసరికి ఎస్-బాన్ కాస్తా ఎల్లిపోనాది” అంది. కీటా అంటే ఇక్కడి చిన్నపిల్లల బడి, ఎస్-బాన్ అంటే లోకల్ రైలు.

“గుంటేంది?” అన్నాను.

“గుంటేటండీ, మా పాప! మా వైపు ఆడపిల్లని గుంటంటారు, మగపిల్లోడిని గుంటడంటారు. మీ వైపు అనరేటి?”

నేను కాఫీ కప్పు అక్కడే పెట్టేశాను. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. ఆవిడ అన్న మాటలు ఒక్కొక్కటే మళ్లీ వినబడ్డాయి. పిల్లకి నీళ్లిచ్చారా? ఎవరూ ఇవ్వలేదు. పిల్ల ఎండిపోతోంది. నేను రాను, పిల్ల దగ్గరే ఉంటాను.

కొత్త పిల్ల కంగారుపడింది. “ఏటైందండీ?” అని నా భుజం పట్టుకుంది. జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ తను కూడా కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఫోన్లో చెప్పే సంగతి కాదది. ఆయన తలుపు తీసి, వంటింట్లో కూర్చోబెట్టి, టీ పెట్టబోయాడు.

“టీ తర్వాత. ముందు నా మాట వినండి” అన్నాను. “నేను చెప్పింది తప్పు. మా ప్రాంతంలో ఆ మాటకు గొయ్యని అర్థం. ఆమె పుట్టిన చోట ఆడపిల్ల అని అర్థం. ఆమె ఆ చెట్టును ‘అమ్మాయీ’ అని పిలుస్తోంది. అమ్మాయికి నీళ్లిచ్చారా అని మిమ్మల్ని అడుగుతోంది.”

ఆయన కెటిల్ కింద పెట్టాడు. “అమ్మాయి” అని తన భాషలో మెల్లగా అనుకున్నాడు. తర్వాత, నన్ను చూడకుండా, వాళ్లిద్దరూ కలిసిన రోజు సంగతి చెప్పాడు.

అప్పుడాయన విద్యార్థి. గదిలో బొగ్గు అయిపోయి, చలి కాచుకోవడానికి గాజు ఇంట్లోకి వెళ్లాడు. మోకాలెత్తున్న ఒక మొక్క ముందు ఒక నల్లటి పిల్ల కూర్చుని దానితో ఏదో మాట్లాడుతోంది. ఎవరితో మాట్లాడుతున్నారని అడిగాడు. గుంట అంది. అంతకంటే చెప్పడానికి ఆవిడకు అప్పుడు జర్మన్ రాదు. ఆసుపత్రి హాస్టల్లో ఉండేది, వారమంతా ఎవరితోనూ తన భాష మాట్లాడటానికి లేదు. ఆదివారం వచ్చి ఈ మొక్కతో మాట్లాడుకునేది. పెళ్లయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆవిడ ప్రార్థన చేసుకుంటోందని అనుకుని ఆయన కొంచెం దూరంగా, వెదురు గుబురు దగ్గర నిలబడేవాడు.

“నేనెప్పుడూ దగ్గరకు వెళ్లి వినలేదు. వింటే కొంచెమైనా వచ్చేది” అన్నాడు.

నాకు ఓదార్చడం చేతకాదు. ఆ వంటింట్లో గోడకు ఆనించిన రెండు కుర్చీలు చూసి దుఃఖం వచ్చింది.

“ఆమె నన్ను అడుగుతోందంటున్నారు కదా” అన్నాడాయన చివరికి. “జవాబు ఎలా చెప్పాలో నేర్పండి. ఒక్క వాక్యం చాలు.”

నీళ్లు పోసినా అని నేర్పబోయి ఆగాను. ఇంకోసారి నా తెలివి చూపించదలుచుకోలేదు. శ్రీకాకుళం పిల్లకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, టేబుల్ మీద ఉంచాను.

“పోసినా అంటే ఆవిడకి పరాయి మాటలా ఉంటాదండి” అంది తను. “గుంటకి నీలిచ్చేసినాను. అలాగనమనండి. ళ కాదు, ల అనాల. ఇచ్చేసినాను.”

ఏళ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెప్పిన పెద్దాయన చిన్న పిల్లాడిలా పెదవులు కదుపుతూ వల్లె వేశాడు. ‘ఇచ్చేసినాను’ దగ్గర నాలుక తడబడేది. తప్పినప్పుడల్లా మొదటికి వచ్చేవాడు. ఫోన్లో ఆ పిల్ల విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పింది. వెనకాల తన గుంట కూడా గొంతు కలిపింది.

ఆదివారం ఆయనా, ఆవిడా, నేనూ గాజు ఇంటికి వెళ్లాం. వద్దన్న నర్సులకు ఆయనేం చెప్పాడో నాకు తెలియదు. బయట మంచు సన్నగా రాలుతోంది. లోపల చెట్టు నిండా కాయలు పండి, కొన్ని తడి మన్ను మీద రాలి ఉన్నాయి. ఆవిడ మునుపటి కంటే చిక్కిపోయింది. అయినా చెట్టు కనబడగానే ముఖం విప్పారింది. చెయ్యి చాచి, అందిన కొమ్మను దగ్గరకు లాక్కుని, ఆకును చెంపకు ఆనించుకుంది.

నేను పక్కన కూర్చుని అడిగాను. “ఎవరి గుంటమ్మా ఇది?”

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. “ఎవులి గుంటేటి? మన గుంటే. పరాయూర్లో ఒక్కర్తీ ఉంది. నీలెవులిస్తారు?”

చెట్టు గురించి అంటోందో, వెనకటికి ఒంటరిగా ఈ ఊళ్లో దిగిన తన గురించే అంటోందో, రెండూ ఆవిడకు ఒకటేనో. ఆయన కోసం ఆ మాటలు జర్మన్‌లోకి మార్చి చెప్పాను. ఈసారి ఒక్కో మాటకూ ఆగి, సరిచూసుకుని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గాజు ఇంట్లో అందరూ చేసే పనే అది.

అంతలో ఆవిడ తల తిప్పి భర్తను చూసింది. ఎప్పటిలాగే అడిగింది.

“గుంటకి నీలిచ్చినారా?”

ఆయన వంగి, ఆవిడ కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు. “గుంటకి. నీలు. ఇచ్చేసినాను.”

ఆవిడ చాలాసేపు ఆయన్ని అలాగే చూసింది. ఆవిడ ఏడవలేదు. కొమ్మను మెల్లగా వదిలేసింది. చెయ్యెత్తి ఆయన గడ్డం తడిమింది.

“మరి నువ్వు తాగినావేటి?” అంది.

ఆయన నా వైపు చూశాడు. మేము నేర్పని మాట అది. “మీరు నీళ్లు తాగారా అని అడుగుతోంది” అని చెప్పాను. “తాగానని చెప్పాలంటే...”

“వద్దు” అన్నాడాయన. “లేదు అని ఎలా చెప్పాలి?”

శ్రీకాకుళం పిల్లను అడగక్కర్లేకుండానే ఆ మాట నాకు తెలుసు, ‘ఎవులూ ఇవ్వనేదు’ అని ఆవిడ నోటే విన్నాను. చెప్పాను.

“నేదు” అన్నాడాయన భార్యతో.

కుర్చీ పక్కన సంచిలో ఆవిడ నీళ్ల కప్పు ఉంది, ఆశ్రమంలో ఇచ్చే, తాగడానికి ముక్కున్న కప్పు. ఆవిడ దాన్ని వెతికి తీసింది. రెండు చేతులూ వణుకుతున్నాయి. సాయం చేయబోయిన నన్ను మోచేత్తో తోసేసింది. కప్పెత్తి ఆయన నోటికి అందించింది. సగం నీళ్లు చొక్కా మీద ఒలికిపోయాయి. ఆయన కళ్లు మూసుకుని మిగతావి తాగాడు.